మంచము దిగిన గుండె

ఒంగోలుకు పడమటగా, నల్లరేగడి నేలల నడుమనున్న ఒక పల్లెలో, మా మేనమామ ఇంటి వసారాయందు ఒక నవారు మంచము కలదు. నాలుగేండ్ల క్రిందట గుండెపోటు వచ్చి, 108 వాహనములో ఒంగోలుకును, అచ్చటినుండి గుంటూరికిని తరలింపబడి, ఒక పెద్ద ఆసుపత్రిలో స్టెంటు వేయించుకొని, అయిదవనాడు ఇల్లు చేరిన ఆయన, ఆ మంచమునెక్కి రెండు నెలలపాటు దాదాపు దిగనే లేదు. దిగనిచ్చినవారును లేరు. చేయి చాచి మంచినీళ్ల చెంబు అందుకొనబోయిన క్షణముననే మా అత్త లోపలినుండి పరుగున వచ్చి, "మీరు లేవమాకండి, నేనున్నానుగా" అని చెంబు చేతికందించెడిది. పలుకరింపవచ్చిన బంధువులు ఒకరి తరువాత నొకరు, "ఇకమీద బరువులూ బాధ్యతలూ పెట్టుకోమాక బావా, హాయిగా రెస్టు తీసుకో" అని చెప్పి, బత్తాయిపండ్ల సంచి గూటిలో ఉంచి పోయెడివారు. ఆసుపత్రివారిచ్చిన కాగితములో ఏ బిళ్ల ఏ పూట వేసికొనవలెనో నిర్దిష్టముగ వ్రాసియుండెను గాని, ఎంత నడువవలెనో, ఏనాడు మొదలిడవలెనో, మరల పొలము పోవచ్చునో కూడదో తెలుపు పంక్తి యొక్కటియైనను లేకుండెను.

రెండవ నెల చివర ఆయనను చూడబోయిన నాకు ముందుగ కంటబడినవి పంచె క్రింది పిక్కలు. ముప్పదియేండ్లు పత్తిచాళ్లలోను మిరపచేలలోను తిరిగి రాటుదేలిన ఆ పిక్కలు ఎండిన జొన్నదంట్లవలె నైపోయినవి. పెరటిలోని స్నానాలగది దాక పోయి వచ్చినంత మాత్రమున ఆయాసము వచ్చుచున్నదనియు, కావున గుండె యింకను బాగుపడలేదనియు ఆయన అత్తకు వినబడకుండ నాతో చెప్పెను. ఆ ఆయాసములో గుండె పాలెంత, కాళ్ల పాలెంత అని విడదీసి చూడవచ్చునన్న సంగతి అప్పటికి మాలో ఎవ్వరికిని తెలియదు.

గుండెజబ్బు తరువాతి యీ కోలుకొను దశకు వైద్యులు కార్డియాక్ రిహాబిలిటేషన్ అని పేరిడిరి. మన పత్రికలు దీనిని 'పునరావాసము' అని తెనిగించుచున్నవి. మా జిల్లాలో ఆ మాట చెవినిబడగానే వెలిగొండ ప్రాజెక్టు ముంపు గ్రామములు జ్ఞప్తికి వచ్చును. ఇల్లూ వాకిలీ విడిచి, ఎరుగని చోట మరల పొయ్యి రాజేసికొనవలసిన నిర్వాసితులకు సంబంధించిన మాట అది. తొలుత ఈ తెనుగుసేత పొసగనిదిగ నాకు తోచెను. మామయ్యను ఆ మంచముపై చూచిన పిదప, ఇంతకంటె తగిన మాట దొరకదనిపించినది. ఆయన తన దేహమునుండియే నిర్వాసితుడై యుండెను. అది తనదన్న నమ్మకము పోయి, ఎప్పుడు కూలునో తెలియని అద్దె కొంపలో నున్నట్లు భయభయముగ బ్రతుకుచుండెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన నిపుణుల సంఘము 1964 లో ఈ చికిత్సకొక లక్ష్యమును నిర్దేశించినది: శరీరము, మనస్సు, సాంఘిక స్థితి అను మూటియందును రోగిని మెరుగైన స్థితికి తెచ్చి, అతడు సంఘములో తన చోటును తన ప్రయత్నముచేతనే మరల పొందునట్లు చేయుట. తన ప్రయత్నముచేత నన్న ఆ షరతు చిన్నదిగ కనిపించును గాని, సమస్తమును దానియందే యున్నది.

రోగిని కదలనీయరాదన్న భయము మా అత్త కల్పించినది కాదు. దాదాపు అర్ధశతాబ్దిపాటు లోకమందలి మహావైద్యులే దానిని బోధించిరి. 1912 లో అమెరికా వైద్యుడు జేమ్స్ హెరిక్, గుండెకు రక్తమిచ్చు ధమనిలో గడ్డకట్టిన రక్తమడ్డుపడుటచే గుండెపోటు వచ్చుననియు, అట్టి రోగి బ్రతికి బట్టకట్టవచ్చుననియు స్పష్టముగ వివరించుచు, సంపూర్ణ విశ్రాంతిని విధించెను. 1939 లో బోస్టను నగర శాస్త్రజ్ఞులు చనిపోయిన గుండె కండరమును సూక్ష్మదర్శినిక్రింద పరిశీలించి, ఆ గాయము గట్టి మచ్చగ మారుటకు ఇంచుమించు ఆరు వారములు పట్టునని తేల్చిరి. ఆరు వారములు గాయము మానుటకు పట్టునన్న సత్యమునుండి, ఆరు వారములు మంచము దిగరాదన్న శాసనము పుట్టినది. రోగి ప్రక్కకు ఒత్తిగిల్లుటకు, అన్నము నోటబెట్టుకొనుటకుగూడ నర్సుల చేతులే దిక్కయిన కాలమది. అంతకు నూరేండ్లకు పైగా ముందే, ఛాతీనొప్పికి 'ఆంజైనా' అని పేరిడిన లండను వైద్యుడు విలియం హెబర్డెన్, దినమునకు అరగంట కట్టెలు కోయుట పనిగా పెట్టుకొన్న ఒక రోగికి ఆ నొప్పి దాదాపు నయమైనదని వ్రాసియుంచెను. ఆ రంపపు చప్పుడు ఈ ఆరువారాల నిశ్శబ్దములో ఎవ్వరికిని వినబడలేదు.

ఆ నిశ్శబ్దమును భగ్నము చేసినది ఒక కుర్చీ. మంచమునకంటుకొనిన రోగుల కాళ్లలో రక్తము గడ్డకట్టి, ఆ గడ్డలు ఊపిరితిత్తులలోనికి కొట్టుకొనిపోయి ప్రాణములు తీయుట చూచి చూచి విసిగిన బోస్టను వైద్యులు శామ్యూల్ లెవీన్, బెర్నార్డ్ లౌన్ అను నిరువురు, గుండెపోటు వచ్చిన కొలది దినములకే రోగులను లేవదీసి చేతులకుర్చీలో కూర్చుండబెట్టిరి. ఇది హత్యతో సమానమని తోటివారు గగ్గోలుపడిరి. 1952 లో వారు 81 మంది రోగుల వృత్తాంతమును ప్రకటించిరి. కుర్చీ ఎవ్వరిని చంపలేదు, పైగా రోగుల ముఖములలో ఆశ తిరిగి వచ్చినది. మరి మూడేండ్లకు, 1955 సెప్టెంబరు 24 న, అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు డెన్వరు నగరమున గుండెపోటు వచ్చినప్పుడు, ఆయనను చూచిన పాల్ డడ్లీ వైట్ నడకను, సైకిలును జీవితాంతము ప్రబోధించిన హృద్రోగ నిపుణుడు. ఏడు వారముల పిదప ఆసుపత్రి విడిచిన అధ్యక్షుడు మరుసటి యేట మరల ఎన్నికలలో నిలిచి గెలిచెను. గుండెపోటు వచ్చినవాడు పనికిరానివాడు కాడన్న మాట పత్రికలు చదువు ప్రతి సామాన్యునికిని ఆనాడు తెలిసినది.

అయినను, మంచము చేయు కీడును లెక్కగట్టి చూపినది 1966 నాటి డల్లాస్ ప్రయోగము. ఇరువదేండ్ల వయసుగల అయిదుగురు ఆరోగ్యవంతులైన యువకులను మూడు వారములు మంచముపై పండుకొనబెట్టి, వారి దేహము శ్రమవేళ గరిష్ఠముగ ఎంత ఆక్సిజనును వాడుకొనగలదో ముందును వెనుకను కొలిచిరి. ఆ శక్తి నాలుగవ వంతుకు పైగా క్షీణించినది. ముప్పదియేండ్ల తరువాత, ఆ అయిదుగురే యాబది దాటి, ఒళ్లు పెరిగి వచ్చినప్పుడు, మరల అవే కొలతలు తీసిరి. ముప్పదియేండ్ల వయోభారము వారి దేహదార్ఢ్యమునకు చేసిన నష్టముకంటె, ఆనాటి మూడు వారముల మంచము చేసిన నష్టమే యధికమని తేలినది! ఇది చదివిననాడు మామయ్య పిక్కలు నా కన్నుల గట్టినవి. ఏ జబ్బూ లేని ఇరువదేండ్లవానికి మూడు వారములలో అంత హాని కలిగినచో, అరువదికి చేరువైన గుండెరోగికి రెండు నెలలలో ఎంత కలిగియుండును!

ఇంతకును నడక గుండెకు చేయు ఉపకారమేమి? ఇది తెలియుటకు ముందు కండరమెట్లు పనిచేయునో తెలియవలెను. ఆ కథలో ఒక తెలుగువాని పేరు వచ్చును. 1895 లో భీమవరమున జన్మించి, మద్రాసులో వైద్యము చదివి, అమెరికా చేరిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డు ప్రయోగశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి 1927 లో కండరములందు ఫాస్ఫోక్రియేటిన్ అను ద్రవ్యమును, 1929 లో ఏటీపీ అను ద్రవ్యమును కనుగొనెను. ఇంచుమించు అదే కాలమున జర్మనీలో కార్ల్ లోమన్ కూడ ఏటీపీని కనుగొనెను. ఈ ఏటీపీయే ప్రతి జీవకణమునకును చేతి ఖర్చు డబ్బువంటిది. ఫాస్ఫోక్రియేటిన్ చేతిలోని డబ్బు చాలనప్పుడు అప్పటికప్పుడు తీసి వాడుకొను మూటవంటిది. మూడు వందల గ్రాముల గుండె దినమునకు లక్షసార్లు కొట్టుకొనుటకు ఖర్చు పెట్టి, మరల కూడబెట్టి, మరల ఖర్చు పెట్టు ఏటీపీని తూచగలిగినచో దాదాపు ఆరు కిలోలుండునని శాస్త్రజ్ఞుల లెక్క. కండరమునకు శక్తి ఎచ్చటినుండి వచ్చునో లోకమునకు తెలిపిన ఆ మహనీయుడు 1948 ఆగస్టులో, యాబదిమూడేండ్లకే, గుండెపోటుతోనే పోయెను. నేడు సామాన్య రైతుకును అందుచున్న స్టెంటుగాని, ఈ నడక చికిత్సగాని ఆనాడు ఆయనకు లేవు. తలచుకొన్నప్పుడెల్ల మనసు కలుక్కుమనును.

ఏటీపీ తయారగు చోటు కణములలోని మైటోకాండ్రియా. దినదినము నడుచువాని కాళ్ల కండరములలో ఇవి వృద్ధిపొందును; కండరపు పోగుల చుట్టును సన్నని రక్తకేశనాళికలు క్రొత్తగ మొలచును; వచ్చిన రక్తమునుండి ఆక్సిజనును పూర్తిగ పీల్చుకొను నేర్పు ఆ కండరమునకు అలవడును. సాగర్ కుడికాలువ చివరి భూములవారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. పైనుండి వదలు నీరు అంతే యైనను, పిల్లకాలువలు పూడిక తీసి, గట్లు సరిచేసికొన్న ఊరిలో చివరి మడికిగూడ నీరందును. పూడిక పేరుకొన్న ఊరిలో తూము బార్లా తెరచినను తలాపు మడి దాటదు. మామయ్య విషయములో తూమును ఆసుపత్రివారు బాగుచేసిరి. పిల్లకాలువలు మేము పూడ్చితిమి. కాళ్లు బలపడినకొలది, అదే దూరము నడచుటకు అవి గుండెను అడుగు రక్తము తగ్గిపోవును. మచ్చ పడిన గుండెను మార్చకయే దానిపై భారమును తగ్గించు ఉపాయమిది.

గుండెకు నేరుగ కలుగు మేలును కలదు. దేహమునకెల్ల రక్తము పంచు గుండె, తన పోషణకు కావలసిన రక్తమును మాత్రము ముడుచుకొన్నప్పుడు పొందజాలదు. బిగిసిన కండరము తన ధమనులను తానే నొక్కివేయును. సడలి విశ్రమించు క్షణములలోనే ఎడమ జఠరికకు రక్తము చక్కగ పారును. నిముషమునకు 70 సార్లు కొట్టుకొను గుండెలో, ఒక్కొక్క కొట్టుకొనుటకు పట్టు కాలములో మూడింట రెండు పాళ్లు దాదాపు ఈ సడలింపే. గుండెవేగము పెరిగినప్పుడు ముందుగ కుదించుకొనిపోవునదియు ఈ సడలింపు కాలమే. క్రమముగ వ్యాయామము చేయువాని గుండె, అదే పనికి తక్కువసార్లు కొట్టుకొనును. కనుక తనకు తాను తినుటకు దానికి ఎక్కువ తీరిక దొరకును. ప్రవాహవేగము హెచ్చినప్పుడు ధమనుల లోపొర నైట్రిక్ ఆక్సైడును విడుదల చేసి నాళములను వ్యాకోచింపజేయుటయు నడకవలన సమకూరు లాభమే.

ఇక మా యింటికి తిరిగి వత్తును. మూడవ నెలలో, ఒంగోలులో ఫిజియోథెరపిస్టుగ పనిచేయుచున్న మా దూరపు బంధువుల అమ్మాయి ఒక ఆదివారము పల్లెకు వచ్చినది. ఆమె ముందుగ కార్డియాలజిస్టుతో మాటలాడి, ఈసీజీ, ఎకో కాగితములు చూచి, నడకకు అడ్డేమియు లేదని నిర్ధారించుకొన్న తరువాతనే పని మొదలిడినది. ఎకో కాగితము చూపి మామయ్య, "పంపింగు నలభై అయిదేనంట అమ్మా, సగం గుండె పోయినట్టేగా" అని నీరసముగ అడిగెను. ఈ అపోహ ఆయన యొక్కనిదే కాదు. మన ఊళ్లలో గుండెరోగులనేకులు ఈ అంకెను పరీక్షలోని మార్కులవలె చదివికొని కుంగిపోవుచున్నారు. పంపింగు శాతమనగా, జఠరిక నిండియున్నప్పుడు అందున్న రక్తములో అది ఒక్కసారి ముడుచుకొన్నప్పుడు బయటికి పోవు భాగము. ఏ జబ్బూ లేని గుండెకుగూడ అది నూరు కాదు. ఇంచుమించు 55 మొదలు 70 వరకే. నలుబదియైదనగా కొంత తగ్గినదని యర్థము గాని సగము పోయినదని కాదు. ఆ పిల్ల ఈ మాట చెప్పినప్పుడు మామయ్య ముఖములో వచ్చిన మార్పును నేనెన్నడును మరువలేను. రెండు నెలలు ఏ బిళ్లయు చేయలేని పనిని ఆ వివరణ చేసినది.

అటుపిమ్మట ఆమె ఇంటి ముందరి వీధిలో టేపుతో ముప్పది మీటర్లు కొలిచి, ఇరుకొసలను రెండు ఇటుకలుంచి, ఫోనులో ఆరు నిముషములు పెట్టి, ఆయనను ఆ ఇటుకల నడుమ అటునిటు నడువుమన్నది. పెద్ద ఆసుపత్రులలోను ఈ పరీక్షను ఇట్లే, ముప్పది మీటర్ల వరండాలో చేయుదురు. యంత్రమక్కరలేదు, ఆరు నిముషములలో ఎంత దూరము పోగలిగెనన్నదే లెక్క. మా అత్త గడప పట్టుకొని నిలుచుండి, ఆయన అడుగులతోపాటు తన పెదవులు కదుపుచుండెను. నాల్గవ నిముషమున ఆయన ఆగి, అరుగుపై కూర్చుండి, మరల లేచి నడిచెను. "ఆగినా తప్పు లేదు బాబాయ్ గారూ. నాతో మాట్లాడుతూనే నడవండి. మాట తెగిందంటే వేగం ఎక్కువైనట్టు. పాట పాడగలిగితే మాత్రం ఇంకా వేగం సరిపోనట్టు" అని ఆమె ప్రక్కనే నడచుచు చెప్పినది.

ఇంత తేలికగ కనిపించు ఈ మాటల వెనుక గట్టి శాస్త్రము కలదు. గుండెరోగులకిచ్చు బీటా బ్లాకరు జాతి బిళ్లలు నాడిని అణచిపెట్టును. కాబట్టి మణికట్టు పట్టి నాడి లెక్కించినంతమాత్రమున శ్రమ ఎంతో తెలియదు. స్వీడను శాస్త్రజ్ఞుడు గున్నార్ బోర్గ్ ఇందుకొక కొలబద్ద కల్పించెను. అది 6 తో మొదలై 20 తో ముగియును. ఆరనగా హాయిగ కూర్చున్న స్థితి, ఇరువది అనగా ఇక ఒక్క అడుగును వేయలేని స్థితి. ఆరోగ్యవంతునిలో ఆ అంకెను పదింతలు చేసినచో ఇంచుమించు నాడివేగము వచ్చునట్లు ఆయన దానిని కూర్చెను. కోలుకొనుచున్న గుండెరోగి సామాన్యముగ 11 మొదలు 14 వరకు గల శ్రమలో నుండవలెనని నియమము. రోగి తన శ్రమను తానే తూచుకొనుట నేర్చుకొనునన్నదే ఇందలి మర్మము.

ఈ స్వీయమాపనము ఎంత విలువైనదో గుండెమార్పిడి జరిగినవారియందు చక్కగ తెలియును. 2016 లో గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో, డాక్టరు ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే నాయకత్వమున గుండెమార్పిడి శస్త్రచికిత్స జరిగినప్పుడు ఈ మెట్టసీమ ప్రజలందరును గర్వపడిరి. అట్లు ఒకరి దేహమునుండి మరియొకరి దేహమునకు మారిన గుండెకు నాడీసంబంధములు తెగిపోవును. ఊరకున్నను అది నిముషమునకు 90 మొదలు 100 దాక కొట్టుకొనుచుండును. యజమాని నడక మొదలిడినను వెంటనే వేగము పెంచదు, రక్తములో కలిసివచ్చు అడ్రినలిను అందిన తరువాత మెల్లగ పెంచును. నడక నిలిపిన పిదప చాలసేపు తగ్గింపదు. కావున అట్టివారు మొదట చాలసేపు మెల్లగ నడిచి, చివరకూడ మెల్లగ నడిచి ఆపవలెను. వారికి నాడి ఆధారము కాజాలదు. తమకు తోచు శ్రమయే దారి చూపును.

కొన్ని హద్దులు మాత్రము అందరును ఎరుగవలెను. నడకలో ఛాతీ బిగిసినను, ఎడమచేతికో దవడకో నొప్పి ప్రాకినను, చెమటలు పట్టి కండ్లు బైర్లు క్రమ్మినను వెంటనే కూర్చుండవలెను; వైద్యుడు చెప్పియుంచిన నాలుక క్రింది బిళ్ల పెట్టుకొనవలెను; అయిదు నిముషములలో తగ్గనిచో ఆలోచింపక 108 కు ఫోను చేయవలెను. స్టెంటు వేయించుకొన్నవారు, ఒంట్లో బాగున్నది గదా యని, రక్తము గడ్డకట్టకుండ చేయు బిళ్లలను తమంతట తాము మానరాదు. స్టెంటులోనే గడ్డకట్టి ప్రాణము మీదికి వచ్చును. బైపాసు జరిగినవారికి మరియొక నియమము కలదు. ఎదురుబొమ్ము కోసి మరల తీగలతో కుట్టిన ఎముక అతుకుటకు ఎనిమిది మొదలు పన్నెండు వారములు పట్టును. అంతవరకు నీళ్లబిందె ఎత్తుట, మనుమని చంకనెత్తుకొనుట కూడదు. దగ్గు వచ్చినప్పుడు దిండును రొమ్ముకు హత్తుకొని దగ్గవలెను. నడకకు మాత్రము వారికిని అడ్డులేదు.

మా ప్రాంతపు రైతుకు నడకకంటె పెద్ద ప్రశ్న మరల పొలము పని. వైద్యులు పనులను, ఊరక కూర్చున్నప్పుడు దేహము వాడు ఆక్సిజనుకు ఎన్ని రెట్లు కావలెనన్న లెక్కతో తూతురు. చదునైన బాటపై చురుకుగ నడచుటకు మూడున్నర రెట్లో నాలుగు రెట్లో చాలును. పత్తి తీయుట, కల్లములో మిరపకాయల తాలు ఏరుట అంతకు మించవు; కోలుకొన్న రైతు వీటిని ముందుగ చేపట్టవచ్చును. కాని పదహారు లీటర్ల మందుడబ్బా వీపున తగిలించుకొని, మెత్తని రేగడిలో కాలు దిగబడుచుండ, ముక్కుకు గుడ్డ కట్టుకొని, మిరపచేనికి మందు కొట్టుట వేరు. నలుబది కిలోలకు పైబడిన మిరప టిక్కీని ఊపిరి బిగబట్టి లారీకెత్తుట మరియు వేరు. ఊపిరి బిగబట్టి బరువెత్తినప్పుడు బీపీ ఒక్కుమ్మడి పైకెగయును; గుండె మూసిన తలుపును త్రోసినట్లు పనిచేయవలసివచ్చును. "మందు కొట్టే పని కూలీకి వదిలేయండి బాబాయ్ గారూ, చేను చూసే పని మీరే చేయండి" అని ఆ అమ్మాయి చెప్పిన తీర్పు సబబైనది. పొలమునుండి వెలివేయలేదు, పొలములో ఆయన చోటు మార్చినది.

ఎండ మాట మరువరాదు. రోహిణికార్తెలో ఒంగోలు ఎండ ఎట్టిదో అనుభవించినవారికే తెలియును. చర్మమును చల్లబరచుటకు దేహము రక్తమును పైపొరకు మళ్లించును. చెమటతో నీరు పోవును. మూత్రము వెడలించు బిళ్లలు, బీపీ బిళ్లలు వేసికొనువాడు హఠాత్తుగ కండ్లు తిరిగి పడవచ్చును. అందుచే వేసవిలో తెల్లవారకముందే నడక ముగింపవలెను.

భోజనములో మా సీమకు ప్రధాన శత్రువు కారమని లోకులనుకొందురు. కారమునకు పాపము అంత దోషము లేదు. దానితో జంటగ వచ్చు ఉప్పుది దోషము. దినమునకు ఒక మనిషికి అయిదు గ్రాములు, అనగా ఒక చిన్న చెంచాడు, మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచుండగా, ఆవకాయ, గోంగూరపచ్చడి, ఊరమిరపకాయలు మూడును విస్తరిలో చేరిన పూట ఆ లెక్క నిలుచుటెట్లు? పంపింగు తగ్గినవానికి ఉప్పు నీటిని పట్టియుంచి పాదములు వాచునట్లు చేయును. పచ్చడి పూర్తిగ మానుమన్నచో మా మామయ్య అన్నమే మానెడివాడు. కావున అత్త వేలికొసతో అంటినంత వడ్డించుట మొదలిడినది. పొగాకు విషయములో మాత్రము ఇట్టి రాజీ పనికిరాదు. ఒంగోలు, కొండపి, టంగుటూరు, కందుకూరులలో వేలముకేంద్రములున్న సీమ యిది. పొగాకు బ్యారన్లు ఎందరి పిల్లలనో చదివించినవి. ఆ ఋణమును నేను తక్కువ చేయను. అయినను గుండెపోటు తరువాత చుట్టగాని సిగరెట్టుగాని పూర్తిగ మానినవారిలో మరణపు ముప్పు, మాననివారితో పోల్చగా, మూడవ వంతుకు పైగా తగ్గునని అనేక పరిశోధనలను కలిపి చేసిన లెక్కలు చెప్పుచున్నవి. ఇంతటి మేలు చేయు బిళ్ల మందుల దుకాణములో దొరుకుట అరుదు.

గుండెపోటు వచ్చినవారిలో అయిదుగురికొకరు తీవ్రమైన మనోవ్యాకులతకు లోనగుదురు. రాత్రి నిద్రపట్టదు, ప్రతి గ్యాసునొప్పియు మృత్యువుగ తోచును. భార్యాభర్తలు వేరు మంచములు వేసికొందురు. దాంపత్యము ఇక కూడదేమో యన్న సందేహము డాక్టరునడుగుటకు సిగ్గు. ఛాతీనొప్పియు ఆయాసమును లేకుండ రెండంతస్తుల మెట్లు ఎక్కగలవానికి దాంపత్యజీవనము నిషిద్ధము కాదని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. ఈ మాటను అడుగకముందే చెప్పు వైద్యుడు ఎందరి ఇండ్లలోనో దీపము పెట్టినవాడగును.

స్త్రీల సంగతి తలచినచో నా మనసు మరింత నొచ్చుకొనును. మామయ్యకు చెంబందించుటకు అత్త యున్నది. అత్తకే గుండెపోటు వచ్చినచో? బైపాసు జరిగిన నెలకే పొయ్యి ముందు కూర్చుండి, బావినుండి బిందె మోయు తల్లులను నేనెరుగుదును. వారికి విశ్రాంతియు దొరకదు, కొలతగల వ్యాయామమును దొరకదు. 'ఇంటిపని చేసుకుంటూనే ఉందిగా, నడకెందుకు' అని ఇంటివారే యందురు. వంగి, లేచి, బరువెత్తి, మధ్యమధ్య ఆగు ఇంటిపని గుండెను అలయించును గాని, ఎడతెగక అరగంట నడచిన నడకవలె దానికి శిక్షణ యీయదు. ఈ చికిత్సకు స్త్రీలను పంపుట పురుషులను పంపుటకంటె తక్కువగ నున్నదని ప్రపంచమంతట నివేదికలు చెప్పుచున్నవి.

ఇదంతయు పట్టణవాసుల జబ్బని తోసివేయు రోజులు పోయినవి. ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో, 2003 – 04 సంవత్సరములలో, ఏ మనిషి ఏ కారణమున మరణించెనో ఇంటింట విచారించిన శాస్త్రజ్ఞులకు, ప్రతి నూరు మరణములలో 32 గుండె, రక్తనాళముల జబ్బులవలననే సంభవించినట్లు తేలినది. పల్లె యిట్లు మారినది. వైద్యమును కొంత మారినది. 2007 లో ఆరోగ్యశ్రీ వచ్చిన పిదప, స్టెంటుగాని బైపాసుగాని పేదవాని ఊహకందని వస్తువుగ మిగులలేదు. కాని కోలుకొను చికిత్స మాత్రము నేటికిని చాలవరకు మహానగరములందలి కొన్ని ఆసుపత్రులను దాటి రాలేదు. దాని ఫలితమా, సందేహింపదగినది కాదు. అనేక పరిశోధనలను కలిపి తూచి 2016 లో వెలువరింపబడిన కాక్రేన్ సమీక్ష, వ్యాయామముతో కూడిన ఈ చికిత్సవలన గుండెజబ్బు మరణములు సుమారు నాలుగవ వంతు తగ్గునని తేల్చినది. కేంద్రములకు పోలేక ఇంటివద్దనే శిక్షణ పొందినవారికిని ఇంచుమించు అంత మేలే కలుగునని మరియొక సమీక్ష చెప్పినది. మన దేశములోనే, దొరైరాజ్ ప్రభాకరన్ నాయకత్వమున 24 ఆసుపత్రులలో 3,959 మంది రోగులతో, యోగాసన ప్రాణాయామములాధారముగ మూడు నెలలలో 13 తరగతులుగ రూపొందించిన పద్ధతిని పరీక్షించిరి. 2020 లో ప్రకటితమైన ఆ పరిశోధనలో, మరణములు తగ్గినట్లు గట్టిగ నిరూపింపబడలేదు గాని, యోగము నేర్చిన రోగులు తమ ఆరోగ్యము మెరుగైనదని చెప్పిరి, పూర్వపు పనులలో మరింత బాగుగ చేరిరి. ఒక చాపయు, ఒక శిక్షకుడును చాలు చికిత్స యిది. ప్రతి ఆరోగ్యకేంద్రమునకు వారమునకొకనాడు ఒక ఫిజియోథెరపిస్టు వచ్చి, ముప్పది మీటర్లు కొలిచి, ఇద్దరు ముగ్గురిని నడిపించి పోయినచో, స్టెంటులకై ప్రభుత్వము పెట్టుచున్న ధనము ఎంత సార్థకమగునో నేతలు యోచింపవలెనని నా విన్నపము.

మొన్న సంక్రాంతికి పల్లె పోయినప్పుడు, వసారాలోని నవారు మంచముపై మా అత్త ఎండుమిరపకాయలు ఆరబోసియుండెను. తెల్లవారుజామున మెలకువ వచ్చి నేను వీధిలోనికి వచ్చునప్పటికి మంచు దట్టముగ పట్టి, ఎదుటి వేపచెట్టుగూడ కానరాకుండెను. కాలువగట్టు వైపునుండి మాటలు వినవచ్చుచుండెను. గుంటూరు యార్డులో తేజారకము ధర ఎంత పలికినదో, ఈ యేడు తామరపురుగు ఎవరి చేను మిగిల్చినదో మామయ్య గొంతు చెప్పుచుండెను. బైపాసు చేయించుకొన్న పొరుగింటి ఆయన కాదని వాదించుచుండెను. మనుష్యులు కనబడుటకు చాల ముందునుండియే, ఎచ్చటను తెగకుండ, ఆ మాటలు నా వైపు నడచి వచ్చుచుండెను.